నీటి గారకు తేజాబు అక్కరలేదు

బోరు నీటితో కాపురం చేసే ఇళ్లలో మరుగుదొడ్డి గిన్నె లోపల, నీరు నిలిచే మట్టం వెంబడి, మొదట ఒక సన్నని తెల్లని గీత కనిపిస్తుంది. కొన్ని నెలలు గడిచేసరికి అది వలయంగా మందమవుతుంది; పసుపు రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. ఫ్లష్ నీరు జారే దారి పొడవునా చారలు కడతాయి. సబ్బు పొడితో రుద్దినా, బ్రష్షు అరిగిపోయేదాకా తోమినా అది కదలదు. ఇల్లంతా అద్దంలా ఉంచుకునే ఇల్లాలు కూడా చుట్టాలు వచ్చినప్పుడు ఆ ఒక్క తలుపు తెరవడానికి సంకోచిస్తుంది.

ఈ గారను వదిలించే ఉపాయం చెప్పమని మా పాఠక సోదరీమణులు అడుగుతూ ఉంటారు. ఉపాయం చాలా సులువైనది, చవకైనది. కాని దానిని చెప్పి ఊరుకోవడం మాకు తృప్తినివ్వలేదు. ఎందుకంటే అధిక శాతం ఇళ్లలో ఈ పనికి ఇప్పటికే ఒక ఉపాయం అమలులో ఉన్నది. వీధిలో సైకిలుపైనో, తోపుడు బండిపైనో వచ్చే వ్యక్తి వద్ద కొన్న పచ్చని యాసిడ్ సీసా అది. మన పెద్దలు తేజాబు అనేది. పండుగలకు ముందు, ముఖ్యంగా రంజాన్ నెల రాబోతున్నదని ఇల్లు కడుక్కునే రోజులలో, ఆ సీసా చాలా గుమ్మాలు దాటి లోపలికి వస్తుంది. దానిని గుమ్మం బయటే ఉంచవలసిన అవసరాన్ని గురించి కొంత వివరంగా చెప్పదలచాము.

ముందుగా ఒక మాట. ఆ వలయం ఇల్లాలి అశ్రద్ధకు గుర్తు కాదు. అత్తగార్లు దయచేసి ఈ వాక్యాన్ని మరొకసారి చదవాలి. అది మనుషుల వల్ల వచ్చిన మురికి కూడా కాదు. నేల లోపలి నుంచి నీటితో పాటు పైకి వచ్చిన సున్నపు రాయి. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా పులుపెక్కుతుంది. ఆ పులుపు రాతిలోని కాల్షియమ్‌ను, మెగ్నీషియమ్‌ను కరిగించి తనలో కలుపుకుంటుంది. మన కంటికి నీరు తేటగానే కనిపిస్తుంది. పైకి వచ్చాక ఆ వాయువు గాలిలో కలిసిపోయినప్పుడు, లేదా నీరు ఆవిరైనప్పుడు, కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. గీజరు కడ్డీకి పట్టే పెంకు, టీ కాచే గిన్నె అడుగున తెల్లని పొర, కుళాయి మూతి చుట్టూ గరుకుదనం, మరుగుదొడ్డిలో వలయం, ఇవన్నీ ఒకే పదార్థం. దక్కనీ మాట్లాడే ఇళ్లలో ఈ నీటిని ఖారా పానీ అంటారు. తెలుగు ఊళ్లలో ఉప్పు నీళ్లంటారు. పాఠ్యపుస్తకాలలో దీని పేరు కఠిన జలం. సబ్బు నురగ కట్టకపోవడం, పప్పు త్వరగా ఉడకకపోవడం దీని ఆనవాళ్లు.

మన రెండు రాష్ట్రాలలో ఈ నీటికి కొరత లేదు. హుజూర్‌నగర్, మాచర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలసింది అక్కడి నేలలో సున్నపురాయి ఉన్నందువల్లనే; ఆ రాతి పొరల గుండా వచ్చే నీటి స్వభావం వేరుగా ఎలా ఉంటుంది? హైదరాబాదులో కృష్ణా, గోదావరి నీరు కుళాయికి వచ్చే ఇళ్లలో కూడా తాగడానికి ఆ నీరు, తక్కిన వాడకానికి బోరు నీరు అన్న ఏర్పాటు సాధారణం. మరుగుదొడ్డి తొట్టిలో నిండేది ఆ రెండవ నీరే.

లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతిస్తారు. ఆ 600 కఠినత్వం గల నీరు పది లీటర్లు ఒక్కసారి గిన్నెలోకి వదిలితే అందులో ఆరు గ్రాముల రాయి దాగి ఉన్నట్లు. రోజుకు ఇరవై సార్లు వదిలితే నూట ఇరవై గ్రాములు. అదంతా గిన్నెకు పట్టుకోదు. చాలా భాగం నీటితోపాటు పోతుంది. కాని అందులో వెయ్యవ వంతు మిగిలినా ఒక ఏడాదిలో వలయం కట్టడానికి అది చాలు.

గార మన దృష్టిలో కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. శుచికి మన జీవితంలో ఉన్న స్థానాన్ని ఈ పత్రిక పాఠకులకు మేము గుర్తు చేయనక్కరలేదు. పింగాణీ నున్నగా ఉన్నంతకాలం ఒక్క చెంబెడు నీటికే మాలిన్యం జారిపోతుంది. గార పట్టిన పింగాణీ గరుకు రాయితో సమానం. ఆ గరుకులో మూత్రపు లవణాలు, క్రిములు చేరుకుంటాయి. పసుపు రంగు, వదలని వాసన వచ్చేది అక్కడి నుంచే. ఎన్ని బకెట్ల నీరు పోసినా వాసన పోవడం లేదని వాపోయే వారు నీటిని ఇంకా పెంచుతారు. ఆ నీరు మరి కొంత గారను పెంచుతుంది. కాబట్టి దీనిని వదిలించుకోవడం మంచిదే. ప్రశ్నల్లా ఎలా వదిలించాలి అన్నదే.

రాయిని బ్రష్షు తీయలేదు, పులుపు కరిగించగలదు. ఒక నిమ్మచెక్కను ఆ వలయంపై పిండి చూడండి. సన్నగా బుడగలు వస్తే అది సున్నపు గారే. బుడగలు రాకుండా ఎర్రమట్టి రంగులో మరక మాత్రమే ఉంటే అది నీటిలోని ఇనుము పెట్టిన తుప్పు కావచ్చు. అది కూడా పులుపుకు కొంత లొంగుతుంది. వీధిలో దొరికే యాసిడ్ చేసే పని కూడా ఇదే, కాకపోతే మహా వేగంగా. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మార్కెట్టులో దొరికే మరుగుదొడ్డి ద్రవాలు చాలావాటిలోనూ అదే ఉంటుంది గాని, సుమారు పది శాతానికి పలుచన చేసి, చిక్కదనం కలిపి, హెచ్చరికలు ముద్రించి అమ్ముతారు. వీధి సీసాపై శాతం ఉండదు, పేరు ఉండదు, హెచ్చరిక ఉండదు. మూత తీయగానే పొగ రావడం ఆ యాసిడ్ నాణ్యతకు గుర్తని కొందరు మురిసిపోతారు. ఆ పొగ కళ్లను, ముక్కును, ఊపిరితిత్తుల లోపలి పొరలను కాల్చే ఆవిరి.

పింగాణీకి ఈ ఆమ్లం వల్ల వెంటనే హాని జరగదు. అందువల్లనే దానిపై జనానికి నమ్మకం కుదిరింది. కాని చిందిన చుక్కలు పడేది నేలపైన. హైదరాబాదు పాతబస్తీ ఇళ్లలోను, తెలంగాణ పట్టణాలలోను స్నానాలగది నేలకు షాబాద్ బండలో, తాండూరు బండలో పరచి ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో కడప రాయి వాడతారు. ఇవి మూడూ సున్నపురాళ్లే. గిన్నెలోని గారను తినే ఆమ్లం ఆ బండలను కూడా అంతే ఆకలితో తింటుంది. నునుపు పోయి, తెల్లని మచ్చలు పడి, గుంటలు తేలిన బండలను చూసి బండ నాసిరకమని తాపీమేస్త్రీని నిందించేవారు ఉన్నారు. పలకల మధ్య నింపిన తెల్ల సిమెంటు కూడా ఇలాగే కరిగిపోతుంది. ఆ సందులలోంచి నీరు దిగి కింది అంతస్తు వారితో తగాదాలు మొదలవుతాయి. కుళాయిల మెరుపు నల్లబడుతుంది.

బండ పోతే మరొకటి వేయించవచ్చు. మేము భయపడేది బ్లీచింగ్ పౌడరు గురించి. వర్షాకాలంలో పంచాయతీలు, పురపాలక సంఘాలు దానిని చల్లుతాయి, కొన్నిచోట్ల ఇంటింటికీ పంచుతాయి. ఒక పొట్లం మన బాత్‌రూము గూటిలో ఉండనే ఉంటుంది. క్రిములను చంపడానికి అది మంచిదే. కాని బ్లీచింగ్‌కు ఏ ఆమ్లం తగిలినా క్లోరిన్ వాయువు పుడుతుంది. యాసిడ్ పోసి, అది చాలదన్నట్లు పైన బ్లీచింగ్ చల్లేవారు తాము రెండింతలు శుభ్రం చేస్తున్నామని అనుకుంటారు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం వద్ద యుద్ధరంగంలో సైనికులపైకి వదిలినది ఈ వాయువే. అది గాలికంటె బరువైనది కావడంతో కిందికి దిగి నేల దగ్గర నిలుస్తుంది. మూడడుగుల వెడల్పు గది, అరచేయంత కిటికీ, వంగి తోముతున్న స్త్రీ ముఖం గిన్నెకు జానెడు దూరం. ఇంతకంటె ప్రమాదకరమైన ఏర్పాటు ఊహించలేము. దగ్గు, ఛాతీలో మంట, కళ్ల వెంట నీరు మొదట వస్తాయి. కొందరికి అప్పటికి తగ్గినట్లే అనిపించి, కొన్ని గంటల తరువాత ఊపిరాడని స్థితి వస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, గర్భిణులకు మరింత ముప్పు. అలా జరిగినప్పుడు గదిని కడిగే ప్రయత్నం చేయకుండా వెంటనే బయటి గాలిలోకి రావాలి. ఊపిరి కుదుటపడినట్లున్నా వైద్యునికి చూపించుకోవాలి. ఇక్కడే మరొక విషయం కూడా చెప్పాలి. మేము దిగువన చెప్పబోయే నిమ్మ ఉప్పు, సిర్కా కూడా ఆమ్లాలే. వాటిని సైతం బ్లీచింగ్‌తో ఒకే రోజున, ఒకే గిన్నెలో కలపరాదు.

ఇక సీసా సంగతి. వీధి యాసిడ్‌ను చాలాసార్లు ఖాళీ కూల్‌డ్రింకు సీసాలోనో, మంచినీళ్ల సీసాలోనో పోసి ఇస్తారు. ఇంట్లో దానిని బకెట్ వెనుక, చీపురు పక్కన, అంటే సరిగ్గా రెండేళ్ల పిల్లవాని చేతికి అందే ఎత్తులో ఉంచుతాము. ఎండలో ఆడి వచ్చిన పిల్లవానికి ఆ సీసాపై ఉన్న బొమ్మ ఏమి చెబుతుంది? గుక్క మింగిన బిడ్డకు నోరు, అన్నవాహిక కాలిపోతాయి. గాయం మానినా అన్నవాహిక కుంచించుకుపోయి, గంజి నీరు కూడా దిగని స్థితి ఏళ్ల తరబడి వెంటాడవచ్చు. ఈ విషయంలో చట్టం కూడా మౌనంగా లేదు. యాసిడ్ దాడుల నేపథ్యంలో 2013 జూలైలో సుప్రీంకోర్టు విడి అమ్మకాలపై ఆంక్షలు విధించింది. కొనేవారి పేరు, చిరునామా పుస్తకంలో రాయకుండా, గుర్తింపు కార్డు చూడకుండా అమ్మరాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి అసలే అమ్మరాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు ఆడపిల్లలపై జరిగిన ఘోరం మన రాష్ట్రాల వారు మరచిపోలేదు. తోపుడు బండి వద్ద అడ్డూ ఆపూ లేకుండా దొరికే ఆ ద్రవాన్ని మరుగుదొడ్డి పేరు చెప్పి మనమే కొని పోషిస్తున్నాము.

ఒకవేళ ఎక్కడైనా ప్రమాదం జరిగితే చేయవలసినది గుర్తుంచుకోండి. చర్మంపై పడితే ఆ చోటి బట్టలు తీసివేసి, కుళాయి ధార కింద ఇరవై నిమిషాలకు తగ్గకుండా కడగాలి. కంటిలో పడితే రెప్పలు తెరచి పట్టుకొని అలాగే కడగాలి. నూనె, పసుపు, టూత్‌పేస్టు, సున్నం ఏదీ పూయరాదు. మింగితే నోరు కడిగించాలి గాని వాంతి చేయించరాదు. దిగేటప్పుడు కాల్చిన ద్రవం వచ్చేటప్పుడు మరొకసారి కాలుస్తుంది. ఉప్పు నీరు, మజ్జిగ, నిమ్మరసం పట్టే ప్రయత్నాలు మాని 108కి ఫోన్ చేసి, సీసాను కూడా వెంట తీసుకొని ఆస్పత్రికి వెళ్లాలి.

ఇప్పుడు ఉపాయం. కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు అడగండి. సిట్రిక్ ఆమ్లం పలుకులివి. పచ్చళ్లలోను, షర్బత్తులలోను వాడేవే. చిల్లర పొట్లాలకన్న పావుకిలో, అరకిలో ప్యాకెట్టు చవక. పంచదారలా కనిపిస్తుంది కాబట్టి డబ్బాపై పేరు రాసి వంటింటికి దూరంగా పెట్టండి. ఒక లీటరు గోరువెచ్చని నీటికి నూరు గ్రాముల చొప్పున కలపండి. మరిగే నీరు వద్దు; చల్లని పింగాణీపై సలసల కాగే నీరు పోస్తే పగులుతుంది.

ఇందులో చాలామంది మరచిపోయే మెట్టు ఒకటి ఉన్నది. గిన్నెలో నీరు నిలిచి ఉండగానే పైనుంచి పోసేస్తారు. అడుగున ఉన్న రెండు మూడు లీటర్ల నీటిలో కలిసి పులుపు పలుచనైపోతుంది. పైగా వలయం పైభాగానికి అది తగలనే తగలదు. కనుక ముందుగా తొట్టికి నీరు వచ్చే కుళాయి కట్టివేసి, ఒకసారి ఫ్లష్ చేయండి. మిగిలిన నీటిని బ్రష్షుతో గొంతులోకి నెట్టుతూ వలయం కన్న దిగువకు తగ్గించండి. ఒక పాత మగ్గును ఈ పనికే కేటాయించి తోడివేసినా సరే. అప్పుడు నిమ్మ ఉప్పు నీటిని గిన్నె గోడల వెంబడి నెమ్మదిగా పోయండి. గోడపై చారలు ఉన్నచోట అది నిలవదు కదా. అక్కడ పాత నూలు గుడ్డ ముక్కలనో, టిష్యూ కాగితాలనో ఆ నీటిలో తడిపి అంటించండి. గిన్నె అంచు కింద నీరు చిమ్మే రంధ్రాలు మూసుకుపోయి ఉంటే అక్కడ కూడా తడి గుడ్డను పేలికలుగా కూర్చండి. చేతులకు రబ్బరు తొడుగులు ఉంటే మంచిది. గోళ్ల పక్కన చిన్న గాయం ఉన్నా ఈ నీరు మంట పుట్టిస్తుంది.

ఇషా నమాజు తరువాత, ఇంట్లో అందరూ పడుకోబోయే ముందు ఇది చేస్తే ఫజ్ర్ వేళకు ఆరేడు గంటలు నానుతుంది. ఒక్కటే మరుగుదొడ్డి ఉన్న ఇల్లయితే, వృద్ధులు రాత్రి లేచే అలవాటు ఉంటే, పగలు అందరూ బయటికి వెళ్లిన సమయం చూసుకోవాలి. తలుపుపై ఒక కాగితం అంటించి, గడియ పెట్టి ఉంచండి. నానిన తరువాత గుడ్డలు తీసివేసి బ్రష్షుతో తోమితే గార పొరలుగా, ఇసుకలా రాలుతుంది. గుడ్డలను గిన్నెలో వదలకండి, గొట్టం పూడుకుపోతుంది. నీటి కుళాయి తెరచి రెండు మూడు సార్లు ఫ్లష్ చేయండి.

ఏళ్లనాటి గార ఒక్క రాత్రిలో పోతుందని ఆశించకండి. నూరు గ్రాముల నిమ్మ ఉప్పు మహా అయితే తన బరువులో ముప్పావు వంతు రాయిని కరిగించగలదు; ఆ తరువాత అందులో శక్తి ఉండదు, ఎంతసేపు ఉంచినా వృథా. బుడగలు ఆగిపోవడమే దానికి గుర్తు. కనుక రెండవ రాత్రి కొత్తది కలిపి పోయాలి. మూడు, నాలుగు రాత్రులు పట్టిన గిన్నెలు కూడా ఉంటాయి. చాలామంది రెండవ రోజు ఉదయం విసిగి మళ్లీ యాసిడ్ వైపు చూస్తారు. ఆ ఒక్క ఉదయం ఓర్చుకోవాలని మా విన్నపం. చివరకు మిగిలిన మొండి మచ్చలను ప్యూమిస్ రాయితో, రాయిని, గిన్నెను రెండింటినీ బాగా తడిపి, తేలికగా రుద్దవచ్చు. ఇది తెల్లని పింగాణీకి మాత్రమే. ప్లాస్టిక్ మూతపైన, రంగు గిన్నెలపైన వాడకండి. ఇనుప పీచు, గరుకు కాగితం, బ్లేడు పనికిరావు. అవి పింగాణీ నునుపును గీసివేస్తాయి. గీతలు పడిన చోట తరువాతి గార మరింత త్వరగా పట్టుకుంటుంది.

సిర్కా వాడవచ్చునా అని కొందరు అడుగుతారు. పని చేస్తుంది, కాని దుకాణంలో దొరికే సిర్కాలో ఆమ్లం నాలుగైదు శాతమే. సీసాలకు సీసాలు పోయాలి. దైవప్రవక్త (స) మెచ్చిన ఆహారాన్ని మరుగుదొడ్డిలో పోయడానికి మనసొప్పని వారికి నిమ్మ ఉప్పు ఎలాగూ ఉన్నది. మా దృష్టిలో ఖర్చు లెక్కన చూసినా అదే మేలు. కూల్‌డ్రింకు పోస్తే గార పోతుందని వీడియోలలో చూపిస్తారు. అందులో ఉన్న పులుపు చాలా స్వల్పం, తక్కినదంతా చక్కెర, చీమలకు విందు. వంట సోడా, సిర్కా కలిపి పొంగించి చూపించే వీడియోలు మరీ ఎక్కువ. పొంగు చూడటానికి బాగుంటుంది. కాని సోడా క్షారం, సిర్కా ఆమ్లం. ఒకదాని బలాన్ని మరొకటి హరించుకుంటాయి. ఆ పొంగు తగ్గాక మిగిలేది దాదాపు ఉప్పు నీరే. గారతో పోరాడవలసిన పులుపు సోడాతో పోరాడి అలసిపోయిందన్నమాట.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లవారికి మరో లాభం ఉన్నది. ట్యాంకులో మాలిన్యాన్ని అరిగించేవి క్రిములే. గాఢ ఆమ్లాలు, బ్లీచింగ్ తరచుగా వెళితే అవి చచ్చి ట్యాంకు త్వరగా నిండుతుంది. నిమ్మ ఉప్పు ఆ పరిమాణంలో వాటికి భారం కాదు.

ఈ పని ఎవరు చేయాలన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. యాసిడ్ పోయడం, పొగలో వంగి తోమడం చాలా ఇళ్లలో కోడలి వాటాకు, లేదా నెల జీతానికి వచ్చే పనిమనిషి వాటాకు వదిలివేస్తారు. ఆమె దగ్గుతూ బయటికి వస్తే, అయిందా అని అడిగేవారే గాని ఏమైంది అని అడిగేవారు తక్కువ. దైవప్రవక్త (స) ఇంట ఉన్నంతసేపు ఇంటివారి పనులలో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన సంగతి మన పురుషులకు తెలియనిది కాదు. నీటి కుళాయి కట్టడం, నీరు తోడివేయడం, రాత్రి పోసి తెల్లవారి తోమడం ఇంటి యజమానో, ఎదిగిన కొడుకో చేయదగిన పనులు. పనిమనిషి చేత చేయిస్తే తొడుగులు మనమే కొని ఇవ్వాలి, అదనపు పనికి అదనపు రూకలు కూడా.

గార పోయిన తరువాత తిరిగి రాకుండా చూడటంలో అసలు కిటుకు తొట్టిలో ఉన్నది. గిన్నె వెనుక గోడపై ఒకేచోట నిలువు చార పడుతున్నదంటే తొట్టి నుంచి నీరు నిరంతరంగా కారుతున్నదని అర్థం. ఒక టిష్యూ కాగితాన్ని పొడిగా అక్కడ అంటించి పది నిమిషాలు చూడండి. తడిసిందంటే లోపలి రబ్బరు వాషరు అరిగినట్లు, లేదా దానికే గార పట్టి సరిగా మూసుకోవడం లేదన్నట్లు. వాషరు విప్పి నిమ్మ ఉప్పు నీటిలో గంటసేపు నానబెడితే కొన్నిసార్లు అదే సరిపోతుంది. కాకపోతే కొత్తది వేయించండి. కారే నీరు రాత్రింబవళ్లు రాయిని తెచ్చి ఒకేచోట పోస్తూ ఉంటే ఎన్ని నిమ్మ ఉప్పు పొట్లాలు కొన్నా ప్రయోజనం లేదు. మిద్దెపై ట్యాంకు ఖాళీ అవుతూ మోటారు మాటిమాటికి వేయవలసి రావడానికి కూడా ఇదే కారణం కావచ్చు. వారానికొక రాత్రి రెండు చెంచాల నిమ్మ ఉప్పును గిన్నెలో చల్లి, తెల్లవారి తోమే అలవాటు చేసుకుంటే కొత్త పొర రాయిగా గట్టిపడే అవకాశం ఉండదు. తహారత్‌కు వాడే చేతి షవరు రంధ్రాలు, వుజూ కుళాయి జల్లెడ మూసుకుపోయినప్పుడు కూడా ఇదే నీటిని ఒక ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి మునిగేలా దారంతో కట్టి గంటసేపు ఉంచండి. షాబాద్ బండపై మాత్రం ఈ నీరు కూడా చిందనివ్వకండి. చిందితే వెంటనే కడిగివేయండి. పులుపు ఏదైనా ఆ రాతికి పడదు.

ఇది చదివిన తరువాత మీ ఇంట మిగిలి ఉన్న యాసిడ్ సీసాను ఏమి చేయాలి? పొరుగువారికి ఇవ్వవద్దు, మోరీలో ఒక్కసారిగా గుమ్మరించవద్దు. ఆరుబయట ఒక ప్లాస్టిక్ బకెట్‌లో ముప్పావు వంతు నీరు పట్టి, పిల్లలను లోపలికి పంపి, గాలి వీచే వైపు నిలబడి, యాసిడ్‌ను సన్నని ధారగా ఆ నీటిలో పోయండి. యాసిడ్‌లో నీరు పోయరాదు, చిమ్ముతుంది. ఆ పలుచని నీటిని, బ్లీచింగ్ వాడని రోజు చూసి, కొద్దికొద్దిగా గిన్నెలో పోస్తూ ఫ్లష్ చేయండి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో రెండు మూడు రోజులకు పంచి పోయండి. ఖాళీ సీసాను మూడుసార్లు కడిగి, ఎవరూ తిరిగి నీళ్లు పట్టుకోకుండా అడుగున రంధ్రం చేసి చెత్తబండిలో వేయండి.